ఆయ్ అంటే ఒప్పుకున్నామని కాదు

అష్టమి, పాటు వేళ

గాలి తూర్పు. వలలు బాగా తడిశాయి. తొట్టి ముప్పాతిక.

మంచె చిట్టాలో ఇంతవరకే రాయాలని సంస్థ నియమం. పైనున్న యంత్రం మొదటి వరుస తప్ప చదవదట. మంచిదే. మొదటి వరుస దానిది, మిగతా పేజీ నాది.

పొద్దున పద్నాలుగు మందిమీ వలలకు పట్టిన ఉప్పు గోకుతున్నాం. సముద్రం మీంచి వచ్చే పొగమంచును పట్టి మంచినీళ్లు చేసే వలలివి. ఒక్క పూట గోకకపోతే బిగుసుకుని అప్పడాల్లా విరిగిపోతాయి. పాటుకి మంచె కింద నీళ్లు తీసి, పాత అమలాపురం రోడ్డు తాలూకు కిలోమీటరు రాయి తల బయటపెట్టింది. లంకల నుంచి వచ్చే బిందెల పడవలు ఆ రాయినే గురుతు పెట్టుకుంటాయి. సరిగ్గా అప్పుడే మా కాలర్లకున్న చెవులన్నీ ఒక్కసారిగా గుర్రుమన్నాయి.

చెవి అంటే సంస్థ ఇచ్చిన గుండీ. మేం మాట్లాడేదంతా వింటుంది, మా అభిప్రాయాలు లెక్కగడుతుంది. అందుకని మా తీరధాత్రిలో మీటింగులు లేవు, ఓట్లు లేవు. ‘మీరు చెప్పనక్కర్లేదు, మేం వింటున్నాం’ అన్నది మా నినాదం. దేశంలోకెల్లా ప్రజాస్వామికమైన సేవా సంస్థ అని దాతలు మాకు బహుమతి కూడా ఇచ్చారు. పింగాణీ చెవి. మెట్టమీద కార్యాలయంలో అద్దాల బీరువాలో ఉంది.

మాట్లాడింది హైమక్క, మా అధ్యక్షురాలు.

“ప్రియమైన సహయాత్రికులారా, అందరూ బాగున్నారా?”

“ఆయ్,” అన్నాం.

“మన కుటుంబం పెద్దదవుతోంది. పెద్ద కుటుంబంలో కొందరి దారులు వేరవుతాయి.”

“ఆయ్.”

“తూము దగ్గర నూకరత్నం ఇన్నేళ్లుగా ఎంతో సేవ చేసింది.”

“ఆయ్, చేసిందండి మరి,” అన్నాడు నీళ్ల పడవ నడిపే సత్తిరాజు.

“ఆమెకు విశ్రాంతి, కొత్త అవకాశాలు అవసరమని సంస్థ భావిస్తోంది. పౌర్ణమి పడవలో ఆమెను సాదరంగా విడుదల చేద్దామనుకుంటున్నాం.”

“ఆయ్,” అన్నాం అందరం, చేతులు ఆపకుండా. నూకరత్నం కూడా అంది.

చెవుల్లో చిన్న గంట మోగింది. ‘సమ్మతి తొంభై ఏడు శాతం. ధన్యవాదాలు.’

రత్నం గోకుడు చిప్ప కింద పెట్టింది. “ఇప్పుడేం జరిగింది భద్రం బాబాయ్?”

“నిన్ను తీసేశారమ్మా.”

“ఎవరు?”

“మనమే. నువ్వు కూడా.”

నవమి, పోటు వేళ

గాలి తూర్పు. వలలు తడి. తొట్టి ముప్పాతిక.

మా వైపు ‘ఆయ్’ అంటే ఒప్పుకోవడం కాదు. ఎదుటి మనిషి మాటల మధ్య వేసే తాళం. వింటున్నాను, మీరు మనిషే, నేనూ మనిషినే అని చెప్పడం. అప్పిచ్చినవాడికీ ఆయ్, ఎగ్గొట్టినవాడికీ ఆయ్. “నిన్ను నరికేస్తానురా” అంటే “ఆయ్, ఎప్పుడొస్తారండి?” అంటాం. ఇంత చిన్న సంగతి తెలియని యంత్రానికి మా నోళ్లన్నీ అప్పజెప్పారు.

అయినా యంత్రాన్ని తిడితే ఏం లాభం! దానికి ఏది తీపో నేర్పినవాళ్లున్నారు.

రత్నం చేసిన నేరం ఒక ప్రశ్న. పోయిన అమావాస్య నాడు మండలివాళ్లు మంచె చూడ్డానికి వచ్చారు. పాలకమండలిలో పదకొండు కుర్చీలు. దాతలు కొందరు, వాళ్ల బావమరుదులు కొందరు, ఒక విశ్రాంత కలెక్టరు, నీళ్ల మీద పుస్తకం రాసిన ఒక పెద్దమనిషి. ఆ పెద్దమనిషికి బిందె అందిస్తూ రత్నం అడిగింది: “ఆ కుర్చీల్లో రెండు మాకెందుకు లేవండీ? ఏ లంకకి ముందు నీళ్లివ్వాలో బిందె పట్టినోళ్లకి తెల్దా?” ఆయన నవ్వాడు. చాలా బాగుంది, చాలా బాగుంది అన్నాడు. ఆ నవ్వు మెట్టెక్కేసరికి ‘విశ్రాంతి అవసరం’ అయింది.

సంస్థలో యజమాని లేడంటారు. లాభాపేక్ష లేదు గనక దోపిడీ లేదంటారు. బయట మైకు పట్టుకుని పంచాయతీలకు అధికారాలివ్వాలంటాం, మత్స్యకారుల మాట చెల్లాలంటాం. లోపల మాత్రం జీతం అడిగితే సేవ అంటారు, హక్కు అడిగితే కుటుంబం అంటారు, కారణం అడిగితే మౌనంగా కౌగిలించుకుంటారు. లాభం లేనిచోట యజమాని ఉండడా? నీళ్లు ఆవిరైపోతే ఉప్పు మాయమవుతుందా? అడుగున ఇంకా గట్టిగా పేరుకుంటుంది. మేం రోజూ గోకుతున్నది అదే.

హైమక్క నాకు కొత్త కాదు. మా పక్కలంక మనిషి. నీళ్ల పోరాటంలో ఇద్దరం ఒకే లాఠీ కింద పడ్డాం. ‘మా పేరు చెప్పి మీరు తేల్చొద్దు’ అన్న నినాదం నేను కరపత్రంలో రాస్తే, కంపెనీ గేటు ముందు గొంతు చిరిగేలా అరిచింది ఆమే. అప్పట్లో ఆమె నోట మాటకి పది ఆయ్‌లు పడేవి. మెట్టమీద కార్యాలయం పెట్టాక ఆ మాట రాల్చేసింది. ఇప్పుడు ఆమెది పత్రికల్లో అచ్చయ్యే తెలుగు.

సాయంత్రం నేను కాలరు నోటి దాకా లాక్కుని గట్టిగా చెప్పాను. “నేను ఒప్పుకోను. నూకరత్నాన్ని తీసెయ్యడానికి నాకు సమ్మతి లేదు. లేదు!”

చెవి మెత్తగా పలికింది. ‘మీ అలసట నమోదైంది. దయచేసి నీళ్లు తాగండి.’

ఎస్తేరు పడీపడీ నవ్వింది. వలలు కుట్టే మనిషి, ఆమె నాలుక సూదికన్నా పదును. “కాదనడానికి గడి లేదు బాబాయ్. అలసటకే ఉంది. ఇంకోసారి అరిస్తే జొరం అని రాసుకుంటాది.”

రత్నం నవ్వలేదు. తూము పక్కనున్న తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఉప్పు ఆమె ఇంటిని తినేశాక ఆమెకున్నది ఆ గదే. పౌర్ణమి పడవ దించేది మెట్ట శిబిరంలో. అక్కడ రేకుల షెడ్లు, గంజి చీట్లు. మా లంకలవాళ్లు అక్కడికి వెళ్లడమే గాని తిరిగి వచ్చిందెవరూ లేరు.

దశమి, పాటు వేళ

గాలి ఆగ్నేయం. వలలు తడి. తొట్టి సగం.

ఇవ్వాళ నుంచి మంచె మీద ఎవరూ ఆయ్ అనకూడదని చెప్పాను. అన్నవాళ్లు అదనంగా ఒక వల గోకాలి.

మధ్యాహ్నానికి వలలన్నీ సత్తిరాజే గోకుతున్నాడు. “నా వల్ల కాదండి మాస్టారూ. మా అమ్మ కడుపులో ఉండగానే మొదలెట్టేనంట.” చివరి వల మీదుండగా కాలు జారి, “అయ్‌బాబోయ్!” అన్నాడు. చెవిలో గంట మోగింది. సమ్మతికి ధన్యవాదాలు.

అయితే అసలు మాట్లాడనే వద్దన్నాను. పద్నాలుగు మందిమీ నోళ్లు కుట్టుకున్నాం. పడవలమీద వచ్చిన ఆడవాళ్లు మమ్మల్ని చూసి హడలిపోయారు, ఎవరో పోయారనుకుని. పొద్దుగూకే వేళకి లెక్క వినిపించింది. ‘సమ్మతి తొంభై తొమ్మిది శాతం.’

మౌనం అర్ధాంగీకారమట! ఎవరో పండితుడు ఆ సామెతని తీసుకెళ్లి లెక్కల్లో పెట్టాడు. మధ్యాహ్నం మౌనం సగం, సాయంత్రం మౌనం సగం, కలిపితే నిండు ఒప్పుదల.

“అయితే నిద్రోతే కూడా సగం ఒప్పుకున్నట్టేనా అండీ?” అన్నాడు సత్తిరాజు. “గురక పెడితే?”

నాకు ఒళ్లు మండిపోయింది. “రేపట్నుంచి తూము మూసేద్దాం. ఒక్క చుక్క వదలం. లంకలు గగ్గోలెత్తితే ఆ పదకొండు కుర్చీలూ కదుల్తాయి. ఇదే మార్గం. సిద్ధంగా ఉండండి.”

ఎస్తేరు సూది ఆపి నావైపు చూసింది. “ఎవరు చెప్పేరు?”

“ఏమిటి?”

“సిద్ధంగా ఉండమని ఎవరు చెప్పేరు అంటన్నాను. ఆయ్ అనొద్దని నువ్వే తేల్చేసేవు. మాటాడొద్దని నువ్వే తేల్చేసేవు. ఇప్పుడు తూము మూసెయ్యమంటన్నావు. మమ్మల్నడిగేవా బాబాయ్? నీక్కూడా ఓ గుండీ పెట్టుకుని తిరగమంటావా?”

నా దగ్గర జవాబులు ఎప్పుడూ ఉంటాయి. వ్యూహమనీ, అత్యవసరమనీ, నాయకత్వమనీ. నోరు తెరిచాను. అచ్చం హైమక్క మాటలే వచ్చేలా ఉన్నాయి. మూసుకున్నాను.

“సరే,” అన్నాను. “అడుగుతున్నాను. తూము మూయాలన్నవాళ్లు చేతులెత్తండి.”

నవ్వులు. సిగ్గు. ముప్ఫై ఏళ్లవాళ్లు కూడా చెయ్యి ఎంత ఎత్తు దాకా ఎత్తాలో తెలియక పక్కవాళ్ల వైపు చూశారు. ఐదు చేతులు లేచాయి, నాది కలుపుకుని. వద్దన్నవాళ్లవి తొమ్మిది. అందులో ముందు లేచింది రత్నానిది.

“నీకోసమే కదే!” అన్నాను.

“నాకోసం బాలింతలు ఉప్పునీళ్లు తాగాలా? నేను తూము తిప్పడానికొచ్చేను బాబాయ్. కట్టెయ్యడానికి కాదు.”

ఓడిపోయాను. నా వాదనే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను, ఇక్కడ రాస్తున్నాను కూడా. ఓడిపోయానని కూడా రాస్తున్నాను.

ద్వాదశి, పాటు వేళ

గాలి తూర్పు. వలలు తడి. తొట్టి నిండు.

నిన్నా ఇవ్వాళా చేతులెత్తడం తప్ప వేరే పని లేదా అన్నట్టు గడిచింది. అంబలి పొద్దునా, మధ్యాహ్నమా అన్నదానికీ ఒక సభ. సత్తిరాజు బీడీ ఎక్కడ కాల్చుకోవాలన్నదానికి రెండు సభలు. రెండోది తీర్పు మీద అప్పీలు. విసుగొచ్చి, ఇంతకన్నా యంత్రమే నయం అని ఒకరన్నారు. ఆ మాట కూడా సభకు పెట్టాం. వీగిపోయింది.

తేల్చుకున్నదిది. నీళ్లు ఆపం. రత్నాన్ని పడవ ఎక్కించం. చెవులు తీసేస్తాం. యంత్రానికి చెవులే గాని కళ్లు లేవు. చేతులు దానికి కనపడవు.

తీసిన చెవులన్నీ వలతాడుకి గుత్తిగా వేలాడదీసింది ఎస్తేరు, ఎండుచేపల్లా. రేపు ఏమంటారో చూడాలి.

త్రయోదశి, పోటు వేళ

గాలి జోరు. వలలు తడి. తొట్టి నిండు.

మంచె మీద పెద్ద లౌడు స్పీకరొకటుంది, తుఫాను కబురు చెప్పడానికి. అందులోంచి వినిపించింది. ‘సమ్మతి నూరు శాతం. మీ ఉత్సాహానికి అభినందనలు.’

మొహాలు చూసుకున్నాం. నోరు విప్పినవాళ్లు లేరు, చెవులేమో తాడు మీద. గాలికి వల ఊగుతోంది. తాడు మీది తుప్పు కప్పీ తిరిగినప్పుడల్లా సాగదీసి అంటోంది: ఆఁ...య్. ఆఁ...య్.

“మనకన్నా మర్యాదస్తురాలండి కప్పీ,” అన్నాడు సత్తిరాజు టోపీ తీసి.

నవ్వలేక చచ్చాం. రత్నం కూడా నవ్వింది, అష్టమి తరవాత ఇదే మొదలు. నవ్వి నవ్వి తూము చక్రం పట్టుకుని కూర్చుండిపోయింది. కూర్చున్నాక ఆ నవ్వు ఏడుపయింది. ఎస్తేరు వెళ్లి పక్కన కూర్చుంది.

“ఆ గది కిటికీలోంచి మా ఇంటి కప్పు కనపడతాది వదినా. పాటప్పుడు. ఓ మూల.” అంతే అంది.

కప్పీకి నూనె రాయడానికి లేచాను. మళ్లీ ఆగి, ముందు అందరినీ అడిగాను.

పద్నాలుగు మంది ఒకే గొంతుతో గంటసేపు నూరు శాతం ఒప్పుకోవడం ఎవరికో అనుమానం తెప్పించినట్టుంది. మాపటికి మళ్లీ స్పీకరు పలికింది. పౌర్ణమి పడవలో అధ్యక్షులవారే స్వయంగా వస్తున్నారట.

పౌర్ణమి, పోటు వేళ

మొదటి వరుస ఇవ్వాళ యంత్రానికి ఇవ్వడం లేదు.

పొద్దున పోటుకి హైమక్క వచ్చింది. మోకాళ్లు పట్టేసి నిచ్చెన ఎక్కలేకపోతుంటే రత్నమే చెయ్యిచ్చి లాగింది. మంచె మీదకొచ్చి ఆయాసం తీర్చుకుంటూ, తాడు మీది చెవుల గుత్తిని చూసింది. ఆ తరవాత నన్ను.

“దీని వెనక నువ్వున్నావన్నమాట, భద్రం.”

“వెనకెవరూ లేరక్కా. అందరూ నీ ముందే ఉన్నారు. నేనైతే మొదటి ఓటే ఓడిపోయాను.”

“నాకు ప్రజాస్వామ్యం నేర్పుతారా? లాఠీలు తిన్నదాన్ని!” ఆ కోపం నటన కాదని నాకు తెలుసు. “మీలో ఇద్దరొచ్చి మండలిలో కూర్చుంటే దాతలు లేచిపోతారు. వాళ్లు లేచిపోతే ఈ వలలెవరు కొంటారు? ఇరవై మంచెలు మూతపడతాయి. ఒక్క మనిషి కోసం. ఆలోచించారా?”

“వలలు కొన్నోళ్లకి వలల లెక్క చెప్తాం,” అంది రత్నం. “మమ్మల్ని కూడా ఆ వలల్తోపాటే కొన్నారా అక్కా?”

కింద లంకల పడవలు చేరుతున్నాయి. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు తలలెత్తి చూస్తున్నారు. రత్నం చెంగు దోపుకుని, మంచె మధ్యకొచ్చి నిలబడింది.

“అక్కా, మంచె సభ మొదలవుతాంది. రత్నం ఉండాలా, పోవాలా అని అడుగుతాం. సభలో ఏం తేలితే అదే ఖాయం. పొమ్మంటే మీ పడవలోనే వచ్చేత్తాను, ఒక్క మాటనను. ఉండమంటే ఉంటాను. వినపడతాందా అక్కా?”

“ఆయ్,” అంది హైమక్క.

అదెక్కడ్నుంచి వచ్చిందో. ఆ నీళ్ల చప్పుడులోంచో, ఆ యాసలోంచో. ఇన్నేళ్లు మెట్టమీద దాచుకున్న మాట టక్కున జారిపడింది.

ఆమె కాలరుకి ఇంకా చెవి ఉంది. గంట మోగింది. ‘అధ్యక్షుల సమ్మతి నమోదైంది. మంచె సభ నిర్ణయం ఖాయం.’

“లేదు, లేదు!” హైమక్క మొహం పాలిపోయింది. “నేను వింటున్నానని అన్నాను! ఒప్పుకున్నానన్లేదు!”

“ఆయ్!” అని ఎగిరి గంతేశాడు సత్తిరాజు. “మేమూ అదేగదండి అష్టమి కాణ్ణుంచీ మొత్తుకుంటన్నాం!”

మంచె దద్దరిల్లింది. కింద పడవల్లో వాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. నేను చిట్టా తీశాను. ఇంకేం కావాలి! వాళ్ల యంత్రం, వాళ్ల లెక్క, వాళ్ల అధ్యక్షురాలి నోటి మాట. వాళ్ల గోతిలో వాళ్లే పడ్డారు.

“రాసేస్తున్నాను,” అన్నాను. “ఖాయం. ఇక సభ కూడా అక్కర్లేదు.”

“రాయకు బాబాయ్,” అంది రత్నం.

“పిచ్చిదానా, గెలిచావే!”

“విన్నానన్నదాన్ని ఒప్పుకున్నానని రాసుకుంటే మనకీ ఆ గుండీకీ తేడా ఏంటి? నన్ను తీసేసిందీ అట్టాగే గదా. కొట్టెయ్.” హైమక్క వైపు తిరిగింది. “అక్కా, ఆ మాట మేం లెక్కలోకి తీసుకోం. మీరూ ఇక్కడున్నారు గాబట్టి మీకూ ఓ చెయ్యుంది. ఎవర్ని అడిగీ ఎత్తక్కర్లేదు.”

కొట్టేశాను. నాకు కడుపుమండింది. అయినా కొట్టేశాను.

రత్నం తన సంగతి గనక తన చెయ్యి ఎత్తనంది. “నేనుండాలన్నోళ్లు?” అని తనే అడిగి కళ్లు మూసుకుంది. పదమూడు చేతులు లేచాయి. ఉప్పు గోకి గోకి పగిలిన చేతులు. కింద పడవల్లోంచి కూడా కొన్ని లేచాయి. వాటిని లెక్కించాలా వద్దా అన్నది మరో సభకి వాయిదా వేశాం.

“పోవాలన్నోళ్లు?”

హైమక్క కాలరుకున్న చెవి ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుంది. రెండో చెయ్యి మెల్లగా ఎత్తింది. ఒకప్పుడు కంపెనీ గేటు ముందు బిగించి ఎత్తిన చెయ్యే. ఇప్పుడు తెరిచి ఉంది.

“నేను ఒప్పుకోను,” అంది. “మీరు చేస్తున్నది పొరపాటని నా అభిప్రాయం. మండలికి ఏం చెప్పాలో నాకు తెలీదు. కానీ నేను ఒప్పుకోను.”

ఎవరూ అరవలేదు. అలసట అనలేదు. నీళ్లు తాగమని చెప్పలేదు.

“ఆయ్,” అంది రత్నం. విన్నామని.

పడవ ఖాళీగా వెళ్లింది. హైమక్క ఒక్కతే, దోనె అంచున. దాతలు లేస్తారో కూర్చుంటారో, రేపు వలలు వస్తాయో రావో తెలియదు. రాకపోతే ఉన్నవాటిని కుట్టుకుంటామంటోంది ఎస్తేరు. రత్నం తూము తిప్పింది. బిందెలు నిండుతున్నాయి.

ఉండాలి: పదమూడు. పోవాలి: ఒకటి. తీరధాత్రి పుట్టిన దగ్గర్నుంచి ఒంటరిగా నిలబడి లెక్కకెక్కిన మొదటి ‘కాదు’ ఇది. హైమక్కది. ఎవరూ చెరపలేకుండా ఒత్తి రాశాను.